ఇంటి కప్పుకు బీమా: నిప్పు లెక్క వేరు, గాలి లెక్క వేరు

పంట బీమా కోసం మనం చేసిన ధర్నాలకు లెక్క లేదు. ఇంటి బీమా మాట మాత్రం మన సమావేశాల్లో వినపడదు. అది పట్నం వాళ్ల వ్యవహారమని వదిలేశాం. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానం మీద పడినప్పుడు కొబ్బరి, జీడి తోటల నష్టం గురించి గట్టిగానే మాట్లాడాం. ఎగిరిపోయిన ఇంటి కప్పుల గురించి అంతగా మాట్లాడలేదు.

2021 ఏప్రిల్ నుంచి 'భారత్ గృహ రక్ష' పేరుతో ఒకే తరహా ఇంటి పాలసీ అమల్లో ఉంది. అగ్ని, పిడుగు, తుపాను, వరద, భూకంపం అన్నీ అందులో ఉన్నాయి. స్థలం ధరతో పని లేదు, ఇల్లు తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చే లెక్క. ఇంటికి బీమా చేస్తే సామానుకు కూడా అందులో 20 శాతం, 10 లక్షలకు మించకుండా వర్తిస్తుంది. పాలసీ మంచిదే. పేచీ అంతా కప్పు దగ్గరే.

గోడలు గానీ, కప్పు గానీ ఆకులు, గడ్డి, వెదురు, చెక్క పలకలు, టార్పాలిన్‌లాంటి వాటితో ఉంటే అది 'కచ్చా' కట్టడం. మిగతావన్నీ 'పక్కా'. అంటే గోడలు ఇటుకవైనా కప్పు తాటాకుదైతే ఇల్లు కచ్చాయే. ఈ విభజన పాత అగ్ని బీమా కాలం నాటిది. ఆకు త్వరగా అంటుకుంటుంది కాబట్టి ఆనాటికి అది సబబే.

మరి కోస్తాలో మన కప్పులు పోయేది నిప్పుకా, గాలికా? సిమెంటు రేకులు ఆ జాబితాలో లేవు, కాబట్టి రేకుల ఇల్లు పక్కా. హుక్కు బోల్టులు సరిగా బిగించని రేకు పెద్దగాలికి లేచి పక్కింటి మీద పడితే ప్రాణాలే పోతాయి. తాటాకు కప్పు పోతే మళ్లీ నేసుకోవచ్చు. కాగితం మీద మాత్రం రేకుకే విలువ. కప్పును వాసానికి ఎలా బిగించారని నిర్వచనం అడగదు, దేనితో వేశారని మాత్రమే అడుగుతుంది.

సర్కారు సాయం కూడా ఇదే దారిలో నడుస్తోంది. 2022-26 విపత్తు సహాయ నిబంధనల్లో మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే లక్షా 20 వేలు. రెవెన్యూ వారు దాన్ని 'గుడిసె' అని రాసుకుంటే 8 వేలు. ఇంటికి ఆనుకున్న పశువుల పాకకు 3 వేలు. ఆ డబ్బుతో పాక కాదు కదా, దానికి వాసాలు కూడా రావు.

డాబా, పెంకు, రేకుల ఇళ్లున్న సభ్యులు ఈ పాలసీ గురించి ఆలోచించాలి. ముందు వైపు తాటాకు చూరు దించి ఉంటే దరఖాస్తులో దాచవద్దు. దాచిన విషయమే రేపు క్లెయిము కాదనడానికి సాకవుతుంది. పశువుల పాక ఇంటి పాలసీలో చేరుతుందో లేదో ఏజెంటు నోటిమాట నమ్మకుండా రాతలో తీసుకోండి. పాతబడి ఉరుస్తున్న స్లాబుకు బీమా ఇవ్వదు, అది అరుగుదల కింద పోతుంది. కాబట్టి తుపాను సీజనుకు ముందే కప్పు పైనా లోపలా ఫొటోలు తీసి పెట్టుకోండి. ఇంటి రుణం ఉన్నవాళ్లు బ్యాంకు ఏ పాలసీ కట్టిందో, అది రుణం మేరకా ఇంటి మొత్తానికా అడిగి కాపీ తెచ్చుకోండి.

తాటాకింట్లో ఉండే కౌలు రైతుకు, కూలీకి ఈ సలహాలేవీ పనికిరావు. ఫసల్ బీమాలో రైతు ఖరీఫ్ ఆహార పంటకు 2 శాతం కడితే మిగతా ప్రీమియం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరిస్తున్నాయి. అదే పద్ధతిలో కోస్తా జిల్లాల ఆకుల ఇళ్లకు సామూహిక బీమా కట్టాలని, కప్పు బిగింపును కూడా లెక్కలోకి తీసుకునేలా నిర్వచనం మార్చాలని మన సంఘం అడగాలి. తుపాను వచ్చాక కాదు, వచ్చే నెల కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రంలోనే ఈ రెండు డిమాండ్లూ చేర్చాలని నా ప్రతిపాదన.