కార్డు ఉంది, పేరేది?

ఉప్పల్ నియోజకవర్గంలోని నాచారంలో పోలింగ్ కేంద్రానికి వచ్చిన ఓటరుకు గుర్తింపు చూపడం పెద్ద కష్టం కాదు. ఓటరు కార్డు లేకున్నా ఆధార్, పాన్, ఫొటో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం, ఉపాధి హామీ జాబ్ కార్డు చెల్లుతాయి. 2019 నుంచి ఓటరు స్లిప్పు ఒక్కటే చాలదు. అసలు చిక్కంతా జాబితాతోనే. చేతిలో కార్డున్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేనట్టే. 2018 డిసెంబర్ 7న శాసనసభ ఎన్నికల పోలింగ్ రోజు హైదరాబాద్‌లో ఎందరో ఇలాగే వెనుదిరిగారు. నాటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ క్షమాపణ కూడా చెప్పారు. చెబితే పోయిన ఓటు తిరిగొస్తుందా? జాబితాలను సరిదిద్దే పనీ సాఫీగా సాగలేదు: 2015లో ఆధార్‌తో మొదలుపెట్టిన జాబితాల ప్రక్షాళన సుప్రీంకోర్టు ఉత్తర్వుతో మధ్యలోనే ఆగింది. నాచారం పారిశ్రామికవాడ చుట్టూ అద్దె గదుల్లో ఉండే కార్మికులు తరచూ ఇళ్లు మారుతుంటారు. జాబితా తనిఖీకి వచ్చినప్పుడు షిఫ్టుకు వెళ్లినవారి తలుపుకు తాళం కనబడితే ఓటరే లేడనుకోవడం అన్యాయం. ఇల్లు మారారని పేరు తీసేముందు వారి మాట వినాలని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. నోటీసు పాత గుమ్మానికే వెళ్తే ఆ అవకాశం కాగితం మీదే మిగులుతుంది. బూత్‌లో తనిఖీ గట్టిగానే ఉండాలి. పేరు తొలగించడం అంతకన్నా కష్టం కావాలి. ఇల్లు మారినవారు ఫారం 8 ఇచ్చి, ఎన్నికల నోటిఫికేషన్ రాకముందే జాబితాలో పేరు చూసుకోవాలి.