మనతో పాటే ఎదిగే రాక్షసులు

ఐదో తరగతి పిల్లవాడు తన రెండో తరగతి లెక్కల పుస్తకం మళ్ళీ తెరిస్తే ఏమవుతుంది? లెక్కలన్నీ నోటితోనే చేసేస్తాడు. "ఇవేనా నన్ను ఏడిపించినవి!" అని నవ్వుకుంటాడు. తాను ఎదిగానని అతనికి మార్కుల కాగితం కంటే గట్టిగా ఆ పాత పుస్తకమే చెబుతుంది. మరి ఆ పుస్తకంలోని లెక్కలన్నీ రాత్రికి రాత్రి ఐదో తరగతి లెక్కలుగా మారిపోయి ఉంటే? అంతర్జాలంలో వేలమంది కలిసి ఆడే పెద్ద ఆటలు కొన్నింటిలో కొన్నేళ్ళుగా జరుగుతున్నది ఇదే. దీని మీద ఆటగాళ్ళు పడే బాధ పిల్లచేష్ట కాదని చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

ఈ ఆటలతో పరిచయం లేని మిత్రుల కోసం రెండు మాటలు. 2004లో వచ్చిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'నే తీసుకుందాం. అందులో ఆటగాడు ఒకటో స్థాయిలో మొదలై, శత్రువులను చంపుతూ, ఆయుధాలూ కవచాలూ సంపాదించుకుంటూ, అప్పట్లో అరవయ్యో స్థాయి దాకా ఎదిగేవాడు. ఒక్కో ప్రాంతానికి ఒక్కో కష్టం నిర్ణయించి ఉండేది. ఎల్విన్ అడవి కొత్తవాళ్ళది. అక్కడ దుమ్ములగొండి ముఖంతో హాగర్ అనే దుష్టుడు ఉండేవాడు. తెలియక ఒంటరిగా ఎదురుపడిన కొత్త ఆటగాడు వాడి చేతిలో చావవలసిందే. నలుగురైదుగురు జట్టుకడితే గాని వాడు లొంగేవాడు కాదు. అదే ఆటగాడు అరవయ్యో స్థాయికి చేరి అటు వెళితే హాగర్ ఒకటి రెండు దెబ్బలకు కూలిపోయేవాడు. దాని వల్ల వచ్చే లాభం ఏమీ లేదు. అయినా జనం వెళ్ళేవారు. ఎందుకు వెళ్ళేవారో పాత లెక్కల పుస్తకం దాచుకున్నవారికి తెలుసు.

ఆ తరువాత రూపకర్తలకు మరో ఆలోచన వచ్చింది. ఆటగాడు ఎంత ఎదిగితే ప్రపంచమూ అంత ఎదగాలి! ఒంటరిగా ఆడుకునే ఆటల్లో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ 2006లో వచ్చిన 'ఆబ్లివియన్'. ఆటగాడు పై స్థాయికి చేరేసరికి దారిదోపిడీ దొంగలు కూడా అత్యంత ఖరీదైన కవచాలు తొడుక్కుని ఎదురయ్యేవారు. ఆ కవచం అమ్ముకుంటే కూర్చుని తినవచ్చు కదా, వంద నాణేల కోసం దారికాయడమెందుకని ఆటగాళ్ళు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

అంతకన్నా విచిత్రం 2017 మార్చిలో వార్‌క్రాఫ్ట్‌లోనే జరిగింది. ఆటగాడు తొడుక్కున్న సామగ్రి ఎంత మెరుగైతే, అప్పటి కొత్త ఖండంలో బయట తిరిగే శత్రువుల బలం అంత పెరిగేలా బ్లిజార్డ్ సంస్థ ఒక మార్పు చేసింది. విడుదల చేసిన మార్పుల జాబితాలో మాత్రం ఆ ముక్క లేదు. ఆటగాళ్ళే పసిగట్టారు. ఎలాగంటే, కవచాలు విప్పేస్తే శత్రువు బలహీనపడుతున్నాడు! అది కావాలని చేసిన మార్పేననీ, అయితే అనుకున్నట్టు పనిచేయడం లేదనీ సంస్థ ఒప్పుకున్నది. నెలల తరబడి కష్టపడి సంపాదించిన కవచాన్ని విప్పితే సుఖం అనిపించిన రోజున, ఆ కష్టానికి అర్థమేమిటి?

రూపకర్తల పక్షాన కూడా న్యాయం ఉంది. ఆట వయసు పెరిగేకొద్దీ అందరూ చివరి ప్రాంతాల్లోనే గుమిగూడి, పాత అడవులూ ఊళ్ళూ పాడుబడతాయి. కొత్తగా చేరిన తమ్ముడితో పాత ఆటగాడైన అన్న కలిసి ఆడలేడు. 2016 అక్టోబరులో 'ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్' తన ప్రపంచంలోని ప్రాంతాలన్నింటినీ ఆటగాడి స్థాయికి సరితూగేలా మార్చింది. ఎవరైనా, ఎవరితోనైనా, ఎక్కడికైనా వెళ్ళగలిగారు. వార్‌క్రాఫ్ట్ కూడా 2018 జనవరిలో పాత ప్రాంతాలకు ఒక్కో పరిధి పెట్టి, ఆ పరిధి లోపల శత్రువులు మనతో పాటు పెరిగేలా చేసింది. కలిసి ఆడే సౌకర్యం చిన్నదేమీ కాదు. కాని దానికి చెల్లించిన మూల్యం వెనక్కి తిరిగి చూసుకునే వీలు.

ఆ మూల్యం ఎంతటిదో నాకు శంషాబాదులో తెలిసింది. 2008 మార్చిలో విమానాశ్రయం వచ్చాక ఈ ఊరి రూపం మారిపోయింది. మా వీధి అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్ళలో చాలామంది అక్కడ రాత్రి డ్యూటీలు చేసేవారే. వారిలో సరకు విభాగంలో పనిచేసే ఒకతను తన పాత ల్యాప్‌టాప్‌లో, ఉచితంగా దొరికే 'గిల్డ్ వార్స్ 2' ఆడుతుంటాడు. అందులో కింది ప్రాంతాలకు వెళితే మన స్థాయినే ఆ ప్రాంతానికి తగ్గట్టు దించేస్తారు. సంగతి తెలిసినప్పుడు అతనన్నమాట ఇది: "జీతం పెరిగినప్పుడల్లా కిరాయి గూడ పెరుగుతది అన్నా. ఆటల గూడ గంతేనా?"

నాకు తెలిసినంతలో ఈ విషయం మీద ఇంతకన్నా మంచి విమర్శ లేదు. జీవితంలో కష్టం ఎలాగూ మనతో పాటే ఎదుగుతుంది. నిన్నటి జీతానికి దొరికిన గది నేటి జీతానికి దొరకదు. ఎదిగామని చూసుకునేందుకు నిలకడగా ఉండే గుర్తు ఒక్కటైనా మిగలదు. అటువంటివాడు ఆటలోకి వెళ్ళేది గెలుపు కోసమే కాదు, కదలని మైలురాయి కోసం. దాన్ని కూడా అతనితో పాటు నడిపిస్తే అతను ఎంత దూరం వచ్చాడో చెప్పేదెవరు?

మరి పరిష్కారం? అది మా దారిలోనే ఉంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరిచారు. పైన వంతెన కట్టారని కింది పాత రోడ్డును మూసేయలేదు. తొందర ఉన్న కారు పైనుంచి పోతుంది, పని ఉన్నవాడు కిందినుంచి పోతాడు. 'ఫైనల్ ఫాంటసీ 14' ఇదే చేసింది. మామూలుగా పాత గుహలోకి వెళ్ళినవారి స్థాయి దానికి తగ్గట్టు దిగుతుంది కాబట్టి కొత్తవారితో కలిసి ఆడవచ్చు. వద్దనుకుంటే ఆంక్షలు తీసేసి పూర్తి బలంతో వెళ్ళవచ్చు. తొలినాటి కష్టమే మళ్ళీ కావాలంటే కనీస సామగ్రితో వెళ్ళే ఏర్పాటూ ఉంది. ఎవరి కోరిక వారిది.

"సులభంగా గెలవడంలో గొప్పేముంది?" అని అడిగేవారున్నారు. గొప్పేమీ లేదు. కాని ఆ సులభం ఊరికే వచ్చింది కాదు, ఒకనాటి కష్టానికి ముట్టిన వడ్డీ. దాన్ని ఇవ్వడం, ఇవ్వకపోవడం రూపకర్త చేతిలో కాక, తీసుకోవడం, తీసుకోకపోవడం ఆటగాడి చేతిలో ఉండాలి. కొత్త రాక్షసులను ఎంత భయంకరంగానైనా సృష్టించుకోనీయండి. చంపినవాళ్ళను మాత్రం చంపినట్టే ఉండనివ్వాలి.

మీరేమంటారు?