ఇంకో కమాన్ పట్టీ వెయ్యకండి మహాప్రభో!

బండి కూర్చుంటోందా? ఇంకో పట్టీ ఎయ్. ఎగురుతోందా? పట్టీ ఎయ్. ఒక పక్కకి వాలిందా? ఆ పక్క పట్టీ ఎయ్. జనగామ నించి భూపాలపల్లి దాకా పాత పికప్పులకి రోగాలు వంద ఉండొచ్చు గానీ మందు మాత్రం ఒక్కటే. మన ఆఫీసుల్లో సర్వర్ స్లో అయినప్పుడల్లా “ఇంకో నాలుగు జీబీ ర్యామ్ వేసేద్దాం” అనే మేనేజరు ఉంటాడు చూశారూ, అచ్చం అదే బాపతు. లీక్ ఎక్కడుందో చూసేవాడు ఉండడు.

మొన్న దసరాకి ఊరెళ్ళినప్పుడు మా మేనమామ బొలెరో పికప్పులో జనగామ నించి పాలకుర్తి, తొర్రూరు మీదుగా మానుకోట దాకా వెళ్ళి ఖాళీ బండితో తిరిగొచ్చాను. (మహబూబాబాద్ అనేది కాయితాల మీద పేరు. మాకు మానుకోటే.) బండికి పద్నాలుగేళ్ళు. పోయేటప్పుడు లోడు ఉంది కాబట్టి బాగానే ఉంది. వచ్చేటప్పుడు చూడాలి నా అవస్థ! తొర్రూరు దాటేసరికి నడుము ఎవరిదో అనిపించింది. రోడ్డు మీద చిన్న అతుకు వచ్చినా వెనక ఇరుసు గాల్లోకి లేచి ధన్‌మని పడటం, డ్యాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ నా వొళ్ళోకి రావడం. మామ మాత్రం పాన్ నములుతూ నిశ్చింతగా ఉన్నాడు.

“మామా, కమాన్లకి ఏం చేయించినవే?”

“మొన్ననే రెండు పట్టీలు ఎక్కువ ఏయించిన అల్లుడా. పాత లారీయి. మస్తు గట్టిగున్నయి. ఇగ రెండు టన్నులేసినా బండి కూసుండది.”

“ఖాళీగ ఉంటే?”

“ఖాళీగ ఎట్లుంటది మరి? పికప్పు అంటే గట్లనే ఉంటది. నువ్వు కారు తోల్తవు, నీకేం ఎర్క.”

ఈ “గట్లనే ఉంటది” అనే మాట మీదే నా పోరాటమంతా. మామ ఒక్కడే కాదు, అందరూ అదే అంటారు. మెకానిక్కులు, ఓనర్లు, చివరికి మన ఐటీ సోదరులు కూడా. గచ్చిబౌలిలో స్పీడు బ్రేకరు కాస్త ఎత్తుగా ఉందని ట్విట్టర్లో పేజీలు రాసే మనం, రోజుకి పది గంటలు ఆ సీట్లో కూర్చునే మామ నడుము గురించి మాత్రం “కమర్షియల్ వెహికల్ కదా బ్రో” అని తేల్చేస్తాం. సుఖం అనేది ఏసీ కారుతో పాటు షోరూములో వచ్చే ఆప్షనని ఎవరు చెప్పారండీ?

సరే, మనం ఇంజనీర్లం కాబట్టి (నాలుగేళ్ళు ఏం చదివామో గుర్తులేకపోయినా) కాస్త లెక్క చూద్దాం.

స్ప్రింగు మీద బరువు పెడితే ఎంత కుంగుతుందో దాన్నిబట్టే బండి సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో తెలిసిపోతుంది. కుంగింది సెంటీమీటర్లలో తీసుకుని, దాని వర్గమూలంతో 5 ని భాగించండి. అంతే. కారైతే ఇది సుమారు 1 నించి 1.5 మధ్య ఉంటుంది, అందుకే ఉయ్యాలలా ఉంటుంది.

ఇప్పుడు పికప్పు వెనక భాగం. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. రెండు పక్కల కమాన్లూ కలిపి ఒక సెంటీమీటరు కుంగాలంటే 120 కిలోలు కావాలి. ఖాళీ బండిలో వెనక కమాన్ల మీద 500 కిలోలు, లోడు వేస్తే 1,600 కిలోలు. ఖాళీగా ఉంటే నాలుగు సెంటీమీటర్ల చిల్లర కుంగుతుంది, అంటే సెకనుకి దాదాపు రెండున్నర ఊపులు. లోడుతో పదమూడు సెంటీమీటర్లు, అంటే 1.4. చూశారా, కంపెనీ వాడు ఇచ్చిన కమాన్‌తోనే లోడు బండి కారులా పోతుంది. ఇప్పుడు అయిదు పట్టీల కట్టని ఏడు చేశారనుకోండి. అదే మందం పట్టీలైతే బిగువు 120 నించి 168 అవుతుంది. లోడు మీద 1.4 కాస్తా 1.6 అవుతుంది, పెద్దగా తెలియదు. ఖాళీ మీద మాత్రం 2.9 కి వెళ్ళిపోతుంది. ఒకవైపు సరుకు, తిరుగు ప్రయాణం ఖాళీ అనుకుంటే మామ తిరిగే కిలోమీటర్లలో సగం ఈ 2.9 లోనే.

ఇది అదే మందం పట్టీలు వేస్తే సంగతి. మామ వేయించింది లారీ పట్టీ. పట్టీ బిగువు మందం ఘనాన్నిబట్టి పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల పట్టీల మధ్య ఒక్క 10 మిల్లీమీటర్ల పట్టీ దూర్చితే అది దాదాపు రెండు పట్టీలతో సమానం. “రెండే కదా ఏయించిన” అంటాడు మామ. కాదు మామా, నాలుగు ఏయించినవు. పైగా అన్నీ ఒకే వంపుకి వంగేటప్పుడు మందంగా ఉన్న పట్టీ మీదే ఒత్తిడి ఎక్కువ పడుతుంది, ముందు విరిగేదీ అదే. దాన్ని వంపు కోసం కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి, మళ్ళీ సరిగ్గా పదును పెట్టకుండా గాలికి చల్లారబెట్టి ఉంటే ఇంక అది స్ప్రింగే కాదు, ఇనప ముక్క.

ఇంకో సంగతి, తుప్పు. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారాలి. పదేళ్ళ బురద, తుప్పు పట్టి అతుక్కుపోయాక చిన్న చిన్న గతుకులకి కమాన్ అసలు కదలదు. బండి మొత్తం టైర్ల మీదే ఎగురుతుంది. అప్పుడు ఊపు ఇంకా వేగంగా, సెకనుకి నాలుగు దగ్గరికి చేరుతుంది. కూర్చున్న మనిషి ఒళ్ళు నిలువు ఊపుకి ఎక్కువగా బాధపడేది సెకనుకి 4 నించి 8 మధ్యలో అని ఐఎస్ఓ 2631 అనే ప్రమాణం 1974 నించీ చెప్తూనే ఉంది. యూరప్‌లో 2002 లో డైరెక్టివే తెచ్చారు, పనిచేసేవాడి ఒంటికి రోజుకి ఇంతకి మించి కుదుపు తగలకూడదని. మన దగ్గర డ్రైవరు నడుము నొప్పికి జండూబామే డైరెక్టివు.

అసలు కోపం వచ్చే విషయం ఇప్పుడు చెప్తా. పట్టీ వేస్తే బండి మోసే శక్తి పెరుగుతుందన్నది శుద్ధ అబద్ధం. బండి వెనక కూర్చోవడం ఆగుతుంది, అంతే. ఇరుసు అదే, బేరింగులు అవే, టైర్లు అవే, ఛాసిస్ అదే, బ్రేకులు అవే. కూర్చోవడం అనేది బండి మనకి చెప్పే ఎర్రర్ మెసేజి. మనం ఆ మెసేజి రాకుండా కోడ్‌లో కామెంట్ పెట్టేసి బగ్ ఫిక్స్ అయిందని క్లోజ్ చేస్తున్నాం.

బ్రేకుల సంగతైతే మరీ ఘోరం. చాలా పికప్పుల్లో వెనక ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య ఒక చిన్న రాడ్డు, దాని పైన ఒక వాల్వు ఉంటాయి. బండి ఎంత కుంగిందో చూసి, అంటే ఎంత లోడుందో అంచనా వేసి, వెనక చక్రాలకి ఎంత బ్రేకు ఇవ్వాలో అది నిర్ణయిస్తుంది. పట్టీలు వేసి బండిని ఎత్తేశారనుకోండి, రెండు టన్నులున్నా ఆ వాల్వు దృష్టిలో బండి సగం ఖాళీ. వెనక బ్రేకు తగ్గించేస్తుంది. మామ బండి కింద దూరి చూశాను. ఆ రాడ్డుని ఎవరో పుణ్యాత్ముడు ఇనప తీగతో ఒకే చోట కట్టేశాడు! ఇప్పుడు అది లోడూ చూడదు, ఖాళీ చూడదు. ఖాళీ బండికి వానలో గట్టిగా బ్రేకు కొడితే వెనక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరిగే అవకాశం ఎంతో మీరే ఆలోచించండి. కొన్ని మలుపుల మీద నేను కళ్ళు మూసుకున్నది భక్తితో కాదు.

మరి ఏం చెయ్యాలంటారా? డాలస్‌లో ఉన్న మిత్రుడొకడు వెంటనే లింకు పంపాడు, ఎయిర్ బ్యాగులు పెట్టించు, లేకపోతే కాయిల్ స్ప్రింగులకి మార్చెయ్, ర్యామ్ 1500 కి 2009 మోడల్ నించీ వెనక కాయిల్సే అని. నాయనా, అక్కడ పికప్పు వారానికోసారి కాస్ట్‌కో నించి నీళ్ళ బాటిళ్ళు మోస్తుంది. ఇక్కడ పికప్పు మిర్చి బస్తాలతో కేసముద్రం, ఎనుమాముల మార్కెట్లకి పోవాలి. దారిలో పగిలితే అతికేవాడు ఉండాలి. కమాన్‌ని మించింది లేదు. కాకపోతే దాన్ని కమాన్‌లా ఉండనివ్వాలి.

నేను చేయించింది చెప్తా. ముందు లారీ పట్టీలు పీకించాం. కట్ట మొత్తం విప్పి, తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు పూసి, కొసల దగ్గర అరిగిపోయిన లైనర్లు కొత్తవి వేశాం. కమాన్ చెవుల్లో, షాకిల్‌లో రబ్బరు బుష్‌లు పిండి పిండి అయిపోయి ఉన్నాయి, అవీ మార్చాం. ఇక్కడ మేస్త్రీతో చిన్న యుద్ధం జరిగింది. బండి జాకీ మీద గాల్లో ఉండగానే బోల్టులు బిగించేస్తానంటాడు. అలా బిగిస్తే బండి కిందకి దిగగానే రబ్బరు మెలి తిరిగిపోతుంది, నెలల్లో చిరుగుతుంది. బరువు చక్రాల మీద పడ్డాకే ఆ బోల్టుల చివరి బిగింపు. “ముప్పై ఏండ్ల సంది చేస్తున్న సారూ” అన్నాడు. అందుకే బుష్‌లు ముప్పై ఏళ్ళ నించీ చిరుగుతున్నాయి సారూ అందామనుకుని ఊరుకున్నాను. పని అతని చేతిలో ఉంది కదా. బతిమాలితే చేశాడు.

వెనక టైర్లలో గాలి ఎప్పుడూ ఫుల్లు లోడుకి సరిపడా కొట్టించే ఉంటుంది, ఖాళీగా తిరిగినా అంతే. తలుపు దగ్గర కంపెనీ అంటించిన స్టిక్కరు చదివేవాడు లేడు. ఖాళీకి వేరే అంకె ఉంటే అది పాటించండి, పైసా ఖర్చు లేని సుఖం. వాల్వు రాడ్డు తీగ విప్పి, మాన్యువల్ ప్రకారం సర్దించాం. షాకబ్జర్లు రెండూ నూనె కారుతున్నాయి, అవి జనగామలో దొరకలేదు, ఆర్డరు పెట్టాం.

“రోడ్లు బాగుచేస్తే ఇవన్నీ ఎందుకు?” అనే వాళ్ళకి ఒక మాట. నిజమే, మహదేవపూర్, కాటారం వైపు నించి వచ్చే ఇసుక లారీల కింద ఏ రోడ్డు మాత్రం నిలుస్తుంది? ఊళ్ళలో వేసే బ్రేకర్లకీ ఓ ప్రమాణం ఏడ్చింది. 25 కిలోమీటర్ల వేగానికైతే 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని ఐఆర్‌సీ 99 చెప్తుంది. మన ఊళ్ళలో ఆ ఎత్తు ఉంటుంది గానీ వెడల్పు మూరెడు. అయితే ఓవర్‌లోడు బండ్లు కూడా ఆ రోడ్డుని తవ్వుతున్నవే కదా? నా బండి లేకుండా మీ రోడ్డు బాగుచెయ్యండి అంటే ఎలా?

ఇక మామ అడిగిన అసలు ప్రశ్న. అది నన్ను నిజంగానే ఇరకాటంలో పెట్టింది.

“అల్లుడా, పట్టీలు పీకిచ్చినవు, మంచిదే. టన్నుంపావే ఏస్తనంటే కిరాయి ఎవడిస్తడు? పక్కోడు రెండు టన్నులేసుకొని పోతుండు.”

నా దగ్గర దీనికి గొప్ప జవాబు లేదు. హైదరాబాదులో జీతం ఒకటో తారీకున పడేవాడికి ఈ మాట చెప్పే అధికారం ఎంతుందో కూడా తెలుసు. 2019 లో సవరించిన మోటారు వాహన చట్టంలో ఓవర్‌లోడుకి 20,000, ఆ పైన టన్నుకి 2,000 జరిమానా రాసి ఉందని చెప్పాను. “దొరికితే కదా” అన్నాడు. మిర్చి ఏరే కాలంలో అదే ట్రాలీలో కూలీలని నిలబెట్టి తీసుకుపోయే బండ్లు ఉన్నాయి మామా, సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడమే తప్పు, పైగా ఆ బ్రేకులతోనా అన్నాను. దానికి మాత్రం ఏమీ అనలేదు.

మధ్యేమార్గం ఒకటుంది. హెల్పర్ కమాన్. అసలు కట్టకి తగలకుండా ఎడంగా ఉండి, లోడు పడ్డాకే పనిలోకి దిగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు జోక్యం చేసుకోదు. కానీ అది కూడా కాయితం మీద ఉన్న బరువు లోపలే సుమా. నిజంగా ఎక్కువ మొయ్యాల్సిన వాడికి 1.7 టన్నులకి కంపెనీయే చేసిన పికప్పులు ఉన్నాయి. ఇరుసు నించి బ్రేకు దాకా దానికి తగ్గట్టు ఉంటాయి. ఏటా పట్టీలకీ టైర్లకీ బేరింగులకీ పెట్టే డబ్బు ఓ కాయితం మీద కూడితే ఆ మార్పిడి ఎంత దూరమో తేలుతుంది. మామ కూడలేదు. నేనే వేబ్రిడ్జి చీటీలు, మెకానిక్కు బిల్లులు ఫోటోలు తీసుకొచ్చాను, ఎక్సెల్లో పెడుతున్నా.

నిన్న రాత్రి మామ ఫోన్ చేశాడు. ఖాళీ బండితో పాలకుర్తి పోయి వచ్చాడట. “దేవుని బొమ్మ కదల్లే అల్లుడా” అన్నాడు. షాకబ్జర్లు ఇంకా రాలేదు. పీకించిన లారీ పట్టీలు మాత్రం ఇంటి వెనక జాగ్రత్తగా దాచాడని అత్తమ్మ చెప్పింది.