రోజు విడిచి రోజు చలిజ్వరం

ప్రశ్న: మా వారికి రోజు విడిచి రోజు చలిజ్వరం వచ్చింది. రక్తపరీక్షలో వైవాక్స్ మలేరియా అన్నారు. 3 రోజుల మాత్రలతో తగ్గిపోయింది. ఇంకా 14 రోజుల మాత్రలు రాశారు. మానేయవచ్చా?
– ఒక సోదరి, అబ్దుల్లాపూర్‌మెట్

జవాబు: మానకూడదమ్మా. ఎందుకో చెబుతాను. మన శరీరంలోని కణం రెండుగా చీలేటప్పుడు కేంద్రకం పొర కరిగిపోతుంది. లోపలి కేంద్రకాంశం కనుమరుగై, చీలిక ముగిశాక మళ్ళీ ఏర్పడుతుంది. మలేరియా క్రిమి తీరే వేరు. ఎర్ర రక్తకణంలో దూరి, పొర కరగకుండానే కేంద్రకాన్ని మళ్ళీ మళ్ళీ చీల్చుకుంటుంది. అప్పటికీ క్రిమి ఒక్కటే! చివరకు ఒక్కసారిగా 12 నుంచి 24 పిల్లక్రిములై, రక్తకణాన్ని పగలగొట్టుకుని బయటికి వస్తాయి. ఇదంతా జరగడానికి సుమారు 48 గంటలు. మీ వారికి వణుకు పుట్టింది ఆ పగిలే వేళలోనే.

దోమ కడుపులోనూ ఈ క్రిమి వృద్ధి చెందుతుంది. అక్కడ దాని కోశాలను రొనాల్డ్ రాస్ మొదట చూసింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న.

మీరు వాడిన క్లోరోక్విన్ రక్తంలోని క్రిములనే చంపింది. కొన్ని వైవాక్స్ క్రిములు చీలకుండా కాలేయంలో నిద్రపోతాయి. వారాలకో, నెలలకో లేచి మళ్ళీ జ్వరం తెస్తాయి. వాటి కోసమే ఈ 14 రోజుల ప్రైమాక్విన్. అయితే జి-6-పి-డి లోపం ఉన్నవారికి దీనివల్ల రక్తకణాలు విరిగిపోతాయి. ఆ పరీక్ష చేయించారా? లేకపోతే ముందు చేయించండి. మూత్రం నల్లగా వస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టరును కలవండి. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ఇది ఇవ్వరు. ఇంట్లో మరొకరికి జ్వరం వస్తే మీ వారి మాత్రలు పంచకండి, రక్తపరీక్ష చేయించండి.