నీలం మూత కింద దాగిన అప్పు

సెకండ్ హ్యాండ్ డీజిల్ ఫోర్ బై ఫోర్ కొనడానికి వెళ్లినవాళ్లు చూడాల్సినవన్నీ చూస్తారు. టైర్ల అరుగుదల, చాసిస్ మీద తుప్పు, ఫోర్‌వీల్ గేరు పడుతోందా లేదా, ఆయిల్ మూత తీస్తే పొగ ఎగదన్నుతోందా. తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లూ ఉన్నారు. డీజిల్ మూత దగ్గరో, బానెట్ కిందో, కొన్ని బండ్లలో వెనక డిక్కీలోనో ఉండే నీలం మూతను తిప్పి చూసేవాళ్లు మాత్రం అరుదు. బేరం కుదిరాక అసలు ఖర్చు మొదలయ్యేది అక్కడే.

ఆ మూత కింద ఉండేది డెఫ్, అంటే డీజిల్ ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్. లారీ డ్రైవర్ల భాషలో యూరియా నీళ్లు. దీన్నే పిలిచే యాడ్‌బ్లూ అనేది జర్మనీ ఆటోమొబైల్ పరిశ్రమల సంఘానికి చెందిన ట్రేడ్‌మార్క్ పేరు. నూటికి 32.5 పాళ్లు శుద్ధమైన యూరియా, మిగిలిన 67.5 పాళ్లు లవణాలు పూర్తిగా తీసేసిన నీరు, సరుకు అంతే. ఇది డీజిల్‌లో కలిసేది కాదు. ఇంజిన్ దాటి వచ్చిన వేడి పొగలోకి ఒక నాజిల్ దీన్ని తుంపర్లుగా చల్లుతుంది. ఆ వేడికి యూరియా విడిపోయి అమ్మోనియా అవుతుంది. ఆ అమ్మోనియా తేనెపట్టులాంటి క్యాటలిస్ట్ మీద నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి వాటిని మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చినప్పుడు డీజిల్ కార్లకు ఈ ఆక్సైడ్ల హద్దు కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి పడిపోయింది. 2023 ఏప్రిల్ నుంచి రోడ్డు మీద నడుస్తుండగా వెలువడే పొగకూ లెక్క మొదలయ్యాక, అంతకుముందు డెఫ్ లేకుండా నెట్టుకొచ్చిన కొన్ని ఎస్‌యూవీలకు కూడా నీలం మూత వచ్చి చేరింది. ఆ బండ్లే ఇప్పుడు ఒక్కొక్కటిగా రెండో చేతికి, మూడో చేతికి మారుతున్నాయి.

డెఫ్ పోయడం బరువైన ఖర్చేమీ కాదు. తాగిన డీజిల్‌లో నూటికి కొద్ది పాళ్లే ఖర్చవుతుంది. మోసం పుట్టేది ఈ చిన్న ఖర్చును కూడా మిగుల్చుకోవాలనే చోట.

రాయితీ యూరియా బస్తా 45 కిలోలు, రైతుకు పడే ధర సుమారు 266 రూపాయలు. దాన్ని లెక్కప్రకారం నీళ్లలో కరిగిస్తే దాదాపు 125 లీటర్ల ద్రవం తయారవుతుంది. లీటరు 50 రూపాయలకు అమ్ముకున్నా ఆరు వేలు దాటుతుంది. రెండు డ్రమ్ములు, ఒక మోటారు, నీలం రంగు క్యాన్లు, ముద్రించిన స్టిక్కర్లు ఉంటే చాలు, ఫ్యాక్టరీ సిద్ధం. 2025 ఖరీఫ్‌లో తెలంగాణ పల్లెల్లో సొసైటీ గోడౌన్ల ముందు రైతులు చెప్పులు వరుసలో పెట్టి యూరియా కోసం పడిగాపులు కాసిన దృశ్యం ఇంకా కళ్ల ముందే ఉంది. ఆ బస్తాల్లో ఒక్కటి పక్కదారి పట్టి క్యాన్లలోకి చేరినా అది రెండు దొంగతనాలు: ఒకటి పొలం దగ్గర, రెండోది సైలెన్సర్ దగ్గర.

పొలం యూరియాకు ఇప్పుడు వేపనూనె పూత తప్పనిసరి. గింజలు గడ్డకట్టకుండా ఫార్మాల్డిహైడ్ లాంటివి కలుపుతారు. బైయూరెట్ అనే మలినం ఎరువులో నూటికి ఒకటిన్నర దాకా ఉండొచ్చు, డెఫ్‌లో 0.3 దాటకూడదు. కాల్షియం, ఇనుము, ఫాస్ఫేట్ కిలోకు అర మిల్లీగ్రాము మించకూడదని ఐఎస్‌ఓ 22241 ప్రమాణం చెబుతోంది. బోరు నీళ్లు సరే, ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లలో కూడా అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ లవణాలుంటాయి. చిక్కేమిటంటే, షెడ్లలో డెఫ్‌ను పరీక్షించే రిఫ్రాక్టోమీటర్ యూరియా పాళ్లను మాత్రమే చూపిస్తుంది, శుద్ధిని కాదు. కొలత తెలిసినవాడు కల్తీని కూడా 32.5 దగ్గరే కలుపుతాడు. కాబట్టి ‘మీటర్ పెట్టి చూపించాడు’ అన్నది భరోసా కిందికి రాదు.

కల్తీ పోసిన మర్నాడే బండి ఆగిపోదు. అందుకే ఈ వ్యాపారం నడుస్తోంది. తెల్లటి స్ఫటికాలు నాజిల్ మూతిలో, పొగగొట్టం లోపల కొద్దికొద్దిగా పేరుకుంటాయి. ఫిల్టరు మూసుకుపోతుంది, పంపు ఆయాసపడుతుంది. లోహ లవణాలు క్యాటలిస్ట్ మీద పొరలా పరుచుకుని దాని శక్తిని చంపేస్తాయి. ఒకసారి విషమెక్కిన క్యాటలిస్ట్‌ను కడిగి బాగుచేసుకోవడం కుదరని పని; మార్చాల్సి వస్తే బిల్లు లక్ష దాటడం వింత కాదు. పైగా ఈ వ్యవస్థకు వేడి కావాలి. పొగ దాదాపు 200 డిగ్రీలకు చేరకపోతే అది సరిగా పనిచేయదు. ఇంటి నుంచి తోటకు, తోట నుంచి టీకొట్టుకు మూడేసి కిలోమీటర్లు తిరిగిన ఫోర్ బై ఫోర్‌లో మంచి డెఫ్ పోసినా స్ఫటికాలు కట్టొచ్చు. తక్కువ కిలోమీటర్లు తిరిగిన బండి అని మురిసిపోయే ముందు అవి ఎలా తిరిగిన కిలోమీటర్లో అడగాలి.

ఇక రెండో మోసం ఇంకా ప్రమాదకరం. ‘అన్నా, ఈ బండికి యూరియా గొడవ లేదు, తీయించేశాం’ అన్నది అమ్మేవాడు గొప్పగా చెప్పుకొనే మాట. చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె తగిలించో, ఇంజిన్ కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చో, డెఫ్ ఉన్నట్టు, సెన్సర్లు బాగున్నట్టు బండికే అబద్ధం చెబుతారు. 2015లో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ పరీక్షల్లో ఒకలా, రోడ్డు మీద ఒకలా నడిచే డీజిల్ కార్లు అమ్మి ప్రపంచం ముందు తలదించుకుంది. అలాంటి అబద్ధమే ఇక్కడ వీధి చివరి షెడ్డులో కొన్ని వేలకు దొరుకుతోంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పును ఒప్పదు. 182ఏ ప్రకారం మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, లేదా రెండూ. చేయించింది పాత యజమానే కావచ్చు. పట్టుబడిన రోజు ఆర్సీ మీద ఉండేది మాత్రం కొన్నవాడి పేరు. మిగిలిన వారంటీ మీద కూడా ఆశ వదులుకోవాల్సిందే.

మరి పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలా వస్తోంది? డీజిల్ బండికి మన పీయూసీ కేంద్రంలో కొలిచేది పొగ ఎంత నల్లగా ఉందన్నదే. నైట్రోజన్ ఆక్సైడ్లను అక్కడ కొలవరు. బైపాస్ చేసిన బండి కూడా దర్జాగా పాసవుతుంది. ఎండలో ఓజోన్‌గా, గాలిలో సన్నటి ధూళిగా మారి ఉబ్బసం పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోయేది మాత్రం కొలవకుండా వదిలేసిన ఆ వాయువే.

కొనేవాడు చేయగలిగింది కొంత ఉంది. నీలం మూత చుట్టూ తెల్లటి పొడి గట్టిగా పేరుకుందా చూడాలి. డెఫ్ మట్టం సూచించే ముల్లు ఎన్ని వందల కిలోమీటర్లు తిరిగినా కదలడం లేదంటే అనుమానించాలి. స్కానర్ పెట్టించి పాత లోపాల చిట్టా తీయించాలి. ఆ ఉదయమే తుడిచేసినట్టు కనిపిస్తే బేరం అక్కడే ఆపాలి. అరగంట హైవే మీద నడిపి మళ్లీ స్కాన్ చేయించాలి. డెఫ్ కొన్న రశీదులు అడిగితే అమ్మేవాడి ముఖం కూడా కొంత చెబుతుంది.

కొన్నాక మూడు జాగ్రత్తలు తప్పవు. డెఫ్ డీజిల్ ట్యాంకులో పడినా, డీజిల్ డెఫ్ ట్యాంకులో పడినా తాళం తిప్పకూడదు. తిప్పితే పంపులు మేలుకుని దాన్ని లోపలంతా పంచుతాయి. బండిని తోయించి, ట్యాంకు ఖాళీ చేయించాలి. డెఫ్ తగ్గిందన్న హెచ్చరికను వాయిదా వేయకూడదు. చాలా బండ్లలో మిగిలిన కిలోమీటర్ల లెక్క సున్నాకు చేరాక ఒకసారి ఇంజిన్ ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. మారేడుమిల్లి ఘాట్‌లో, ఫోన్ సిగ్నల్ లేని మలుపులో ఆ సంగతి గుర్తొస్తే ఫలితం లేదు. క్యాన్ కొనేటప్పుడు సీలు, తయారీ తేదీ చూడాలి. 30 డిగ్రీల్లో ఏడాది నిలిచే డెఫ్ 35 డిగ్రీల్లో ఆరు నెలలే నిలుస్తుంది. రామగుండంలో, విజయవాడలో మే నెల ఎండకు రేకుల షెడ్డు బయట పేర్చిన క్యాన్ల ఆయుష్షు ఎంతో ఊహించుకోవచ్చు.

అయితే ఇదంతా కొనేవాడి నెత్తిన పెట్టి ప్రభుత్వాలు తప్పుకోవడం న్యాయం కాదు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 నుంచి ఉంది. నిత్యావసర వస్తువుల చట్టం కింద కేసులు పెట్టే అధికారమూ ఉంది. తనిఖీలు రైతు కొనే దుకాణం దగ్గరే ఆగిపోకుండా హైవే పక్కన నీలం క్యాన్లు అమ్మే కొట్ల దాకా రావాలి. అక్కడ నమూనా తీసి బైయూరెట్, లోహాలు, వేపనూనె ఆనవాళ్లు పరీక్షిస్తే కల్తీ దొరికిపోతుంది. యాజమాన్యం మార్చేటప్పుడు ఆర్టీఏ అధికారులు 29, 30 నంబర్ల ఫారాలు, ఇన్సూరెన్సు, పీయూసీ అడుగుతున్నారు. బీఎస్-6 డీజిల్ బండికి వాటి పక్కన డెఫ్ వ్యవస్థ పనిచేస్తోందని చూపే స్కాన్ కాగితం ఒకటి జతచేయమనడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్టుకు స్కానర్ తగిలిస్తే అయిదు నిమిషాల పని.