దురద చిన్న బాధ కాదు

పురుషులకు పట్టువస్త్రం నిషిద్ధం. అయినా దురదతో బాధపడుతున్న హజ్రత్ జుబైర్ (రజి), హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)లకు దైవప్రవక్త (స) దానిని అనుమతించారు.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎగ్జిమా, సోరియాసిస్‌లకు తోచిన క్రీము కొని పూస్తాము. దురద తగ్గితే మందు మంచిదంటాము. అయితే వట్టి లేపనంతోనూ ఎండిన చర్మం మెత్తబడి దురద కొంత తగ్గుతుంది. అందుకే పరీక్షల్లో చీట్లు వేసినట్లుగా రోగులను విభజించి, ఒక జట్టుకు మందు, మరో జట్టుకు మందులేని లేపనం ఇస్తారు. ఎవరికి ఏది అందిందో రోగికీ, వైద్యునికీ తెలియదు. దురద ఎంతో రోగులే 0 నుండి 10 వరకు అంకెలలో చెబుతారు. మందు జట్టుకు స్పష్టంగా అధిక మేలు కలిగితేనే అది పనిచేసినట్లు.

స్టెరాయిడ్ క్రీము చాలాకాలం పూస్తే దురద అణగినా చర్మం పలుచబడుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం అనేక స్టెరాయిడ్ పూతమందులకు వైద్యుని చీటీ తప్పనిసరి చేసింది. శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. పూసేముందు వైద్యుణ్ణి అడుగుదాం.