భిక్షయా, ఋణమా?

నాబ్లసు పట్టణము ప్రక్కన బాలాటా యను శరణార్థి శిబిరము గలదు. 1948 లో యాఫా, లిద్దా, రమ్లా ప్రాంతములయందు ఇల్లు వాకిలి కోల్పోయిన పాలస్తీనా ప్రజలకై యిది 1950 లో నేర్పడినది. నాడు సుమారు 5,000 మందికి వేసిన డేరాలు క్రమముగా సిమెంటు గదులైనవి. గదులపై గదులు లేచినవి. నేడు నమోదైనవారే 30,000 మందికి మించిరి. నేల మాత్రము పావు చదరపు కిలోమీటరే, అనగా రమారమి 62 ఎకరములే. తరములు గడచినను వారికి నివసించు హక్కే గాని యా నేలపై స్వామ్యము లేదు.

ఈ ప్రజలకు బడి, వైద్యము, పారిశుధ్యము సమకూర్చునది 1949 డిసెంబరు 8 నాటి తీర్మానముచే నైక్యరాజ్యసమితి స్థాపించిన సహాయసంస్థ. శిబిర పరిపాలన గాని, రక్షకభట వ్యవహారము గాని దానివి కావు. దాని పోషణమో, దాదాపుగ రాజ్యములు తమ యిచ్ఛవచ్చినట్లు ఇచ్చు విరాళములపై నాధారపడినది. 2023 అక్టోబరు 7 నాటి దాడిలో కొందరుద్యోగులు పాల్గొనిరను నారోపణపై 2024 జనవరిలో పలు రాజ్యములు ద్రవ్యము నిలిపివేసినవి. ఆరోపణను విచారింపవలసినదే, దోషిని దండింపవలసినదే. కాని యొకని నేరమునకు బాలింత మందును, పసివాని పలకను జప్తుచేయుట యే ధర్మశాస్త్రము?

సంస్థ యున్నందుననే శరణార్థులు శరణార్థులుగా మిగిలిరని కొందరు వాదింతురు. వైద్యుడున్నందుననే రోగము నిలిచినదనుట యెట్టిదో, ఇదియు నట్టిదే. పొరుగువారితో శాంతిగా జీవింపగోరువారిని స్వగృహములకు మరలనీయవలెననియు, మరలనొల్లనివారి యాస్తికి పరిహార మీయవలెననియు 1948 డిసెంబరు 11 నాటి 194 వ తీర్మానము చెప్పెను. ఆ మాట చెల్లనంతకాలము బడియు, మందును ఆ ఋణముపై వడ్డీ మాత్రమే. వడ్డీ చెల్లించి దానమని చెప్పుకొనుట తగదు.

శిబిరవాసులలోను ఒక శంక గలదు: కాలువలు బాగుపడి, ఇండ్లు స్థిరపడినచో స్వగ్రామముపై హక్కు జారిపోవునేమో యని. ఆ భయము సహజమే. కాని మురుగునీటిలో పెరిగిన బిడ్డకు హక్కు హెచ్చదు, వెలుతురుగల గదిలో చదివిన బిడ్డకు హక్కు తరుగదు. చదువుకొన్నవాడే తాత చేతి దస్తావేజును చదువగలడు.

1947 నవంబరు 29 నాడు పాలస్తీనా విభజనకు వ్యతిరేకముగా ఓటిచ్చిన దేశము మనది. ఈ సంస్థకు విరాళమిచ్చి తృప్తిపడుట చాలదు. దాని వ్యయమును సమితి నియత బడ్జెటులో చేర్చవలెనని మన ప్రభుత్వము గట్టిగా వాదింపవలెను. అప్పు తీర్చువాని వాకిట అప్పిచ్చినవాడు ఏటేట జోలెపట్టి నిలుచుట లోకమునకు సిగ్గు.